కడుక్కోని చేతులు

నరసక్క తన బిడ్డకు ఐదో నెల వచ్చేదాకా పాలిచ్చింది గానీ, ఒక్కసారి కూడా చేతుల్లోకి తీసుకోలేదు. వింటే ఎవరైనా ముక్కున వేలేసుకుంటారు. ఊళ్లో వేసుకున్నారు కూడా. పాలవేళకు ఆమె తల్లి సుబ్బలక్ష్మమ్మ బిడ్డను రొమ్ముకు ఆనించి పట్టుకునేది. నరసక్క రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. పాప బరువు ఆమె గుండెకు తెలుసు, చేతులకు తెలియదు.

ఎందుకంటారా? కిందటేడు తొలకరికి, మూడో నెల కడుపుతో, మొగుడు దాసన్న మడక దున్నుతుంటే వెనకాలే నడుస్తూ ఒడిలోంచి శెనక్కాయ విత్తనాలు సాల్లో వేసింది. పురుగు పట్టకుండా మందుపొడి కలిపిన విత్తనాలవి. వేళ్లు ఎర్రబడ్డాయి. అప్పుడేమీ అనిపించలేదు. కాన్పయ్యి పుట్టింట్లో బాలింతగా ఉన్నప్పుడు పట్టుకుంది భయం. ఆ పొడి ఇంకా గోళ్ల సందుల్లోనే ఉందట, తన చేయి తగిలితే బిడ్డకు విషమెక్కుతుందట. అన్ని నెలల కిందటి పొడి ఇంకా ఎక్కడుంటుంది? ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసినా భయం పోదు, అదే ఆ జబ్బు.

అసలే కరువు రోజులు. బోరింగు దగ్గర గంటసేపు కొట్టినా బిందె నిండదు. నరసక్క చేతులు కడగడానికే రోజుకు ఐదు బిందెలు కావాలి. తోలు లేచిపోయి నెత్తురు కారేది. కడుక్కున్న ప్రతిసారీ తల్లిని అడిగేది, మందేమీ లేదు కదా అని. లేదు తల్లీ అని సుబ్బలక్ష్మమ్మ దేవుడి మీద ఒట్టేసి చెప్పేది. పిచ్చి తల్లి, మోసిన బిందెలూ వేసిన ఒట్లూ కూతురి మేలుకే అనుకుంది.

బెంగళూరు నుంచి నెలకోసారి పావగడ ఆసుపత్రికి వచ్చే మనసు డాక్టరమ్మ మాత్రం, ఆ నీళ్లూ ఆ ఒట్లే భయానికి మేత అని తేల్చింది. భయపడేదాన్ని కొంచెం కొంచెంగా తాకాలి, కడుక్కోకూడదు, భయం ఎక్కినంత ఎక్కి తనంతట తానే దిగుతుంది అంది. ఇంట్లోవాళ్లు ధైర్యం చెప్పకూడదు, అడిగితే తెలీదనాలి అని కూడా అంది. సుబ్బలక్ష్మమ్మకు ఒళ్లు మండింది. కన్నతల్లి ఆ ఒక్క మాట చెప్పకూడదా, ఇదెక్కడి వైద్యమని బస్సులో దారంతా సణిగింది.

నరసక్క మాత్రం పట్టు పట్టింది. విత్తనాలు పడేలోగా పిలుచుకుపోతానని దాసన్న కబురు పెట్టాడు. ఆ ఇంట్లో పాలవేళ బిడ్డను పట్టుకునేవాళ్లు లేరు. చేతులు ఇలాగే ఉంటే పాప పోతపాలు తాగుతూ అమ్మమ్మ దగ్గరే ఉండిపోవాలి. అందుకే ముందు పాప గుడ్డలు తాకింది. తర్వాతి నెల పాదాలు. కడుక్కోకుండా వణుకుతూ కూర్చునేది, ఆ పాదం ఎంత మెత్తనో తలుచుకుని ఏడ్చేది.

పాపకు ఐదో నెల వచ్చాక ఒక మధ్యాహ్నం వసారాలో తల్లీకూతుళ్లు విత్తనానికి కాయలు ఒలిచారు. మందు ఇంకా కలపని కాయలే. ఒలిచిన చేతుల్తో బిడ్డను ఎత్తుకోవడం డాక్టరమ్మ చెప్పిన చివరి మెట్టు. నరసక్క దుమ్ము దులుపుకుని లేచింది, వంగింది, పాపను ఎత్తుకుంది. అబ్బ, ఎంత బరువు! ఇన్నాళ్లూ పక్కనే ఉన్న ఈ బిడ్డ కోసం తన చేతులు ఎంత అలమటించాయో ఆ క్షణాన తెలిసింది.

పాప ఊరుకుంటుందా? అమ్మ వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుంది. నరసక్క మొహం పాలిపోయింది. చూపు మూలనున్న బిందె మీదికి పోయింది.

"ఏమీ కాదు గదమ్మా? ఒక్క మాట చెప్పు, సాలు."

ఆ మాట సుబ్బలక్ష్మమ్మ నోటిదాకా వచ్చింది. నెలల తరబడి చెప్పిన నోరాయె. చేతిలో కాయ చిట్లింది.

"నాకు తెలీదు తల్లీ," అంది.

 అయినా నరసక్క పాపను దించలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, తన చేతుల్తోనే బిడ్డను రొమ్ముకు హత్తుకుంది.

సుబ్బలక్ష్మమ్మ లేచి ఆ బిందెను వంటింట్లోకి ఎత్తుకుపోయింది. పొయ్యి ముందు కూలబడి, కూతురికి వినపడకుండా, ఏమీ కాదు తల్లీ, ఏమీ కాదు అని చాలాసేపు చెప్పుకుంటూనే ఉంది.