ఒడ్డున ఏడ్చిన మనిషి

సాయంత్రం ఐదయింది. వాన వెలిసింది గానీ చూరు ఇంకా కారుతోంది. మెలియానా రాళ్ళ పొయ్యి మీది అరటాకులు తీసి, చేమదుంపలు బుట్టకెత్తుకుని ఊరి సభ ఇంటికి నడిచింది. మేనల్లుడు సొలోమొనా తీసిన సినిమా ఇవాళ ఊళ్ళో చూపిస్తున్నాడు. రేపు ఓడెక్కి ఆక్లాండ్‌లో పోటీకి పట్టుకెళ్తాడు.

తెర ఆమె చెట్టు బెరడు కొట్టి చేసిన నారబట్టే. ముందు వరసవాళ్ళు చాపలు చుట్టి పైన పెట్టేశారు. బొమ్మలో సముద్రముంటే నేల తడుస్తుంది. సవాయి దీవిలో పిల్లలకి కూడా తెలుసు.

"వేషాల్లేవు, కల్పనల్లేవు. మన బతుకు ఉన్నదున్నట్టు," అన్నాడు సొలోమొనా.

బొమ్మలో ఆమె భర్త ఇయోసెఫో, కొడుకు ఫిలెమోనీ పడవ తోశారు. అల ముందు వరస కాళ్ళు తడిపింది. తర్వాత మెలియానాకి తనే కనబడింది. ఒడ్డుకి పరుగెత్తుకొచ్చి ఇసకలో పడి ఏడుస్తోంది. పోయిన నెల, పడవ మునిగిందని సొలోమొనా కేకేసిన రోజు అది. కాసేపటికే ఇద్దరూ తిరిగొచ్చారు. పొరపాటు పడ్డాడనుకుంది.

కానీ బొమ్మలో ఆమె ముఖం ఎదురుగా ఉంది. కెమెరా తనకన్నా ముందే ఒడ్డుకి చేరి కూర్చుంది.

"ముందే అనుకున్నార్రా?"

"నటించమంటే నీకు నవ్వొస్తుంది కదత్తా. నాకు నిజం కావాలి."

"పడవ మునగలేదు కదరా."

"నీ ఏడుపు నిజమే కదా."

భర్త వైపు చూసింది. అతను చాప పోగులు పీకుతున్నాడు.

"కాసేపు కొండచాటున ఉండమన్నాడమ్మా బావ. అంతే," అన్నాడు కొడుకు.

మెలియానా నీళ్ళలోంచి తెర దాకా నడిచింది.

"లేవవే," అంది ఏడుస్తున్న మనిషితో. "వాళ్ళకేం కాలేదు. ఇంటికి పోదాం."

ఆవిడ ముఖం తుడుచుకుని లేచి తెరలోంచి బయటికొచ్చింది. ఆ తర్వాత సొలోమొనా ఎన్నిసార్లు ఆడించినా బొమ్మలో ఖాళీ ఒడ్డే.

తెల్లారేసరికి అతను గుమ్మం ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు, తలమీంచి సన్న చాప కప్పుకుని. తప్పు చేసినవాడు అలాగే రావాలి. ఇంటివాళ్ళు చాప ఎత్తేదాకా లేవకూడదు. మళ్ళీ వాన పట్టుకుంది. రేవులో ఓడ కూత పెట్టింది.

"ఎత్తనా?" అన్నాడు ఇయోసెఫో.

"నువ్వూ ఆ చాప కింద ఉండాల్సినవాడివే," అంది.

ఇంటికి క్షేమంగా చేరినవాళ్ళని వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. మగడు. కొడుకు. మూలన తల ఆరబెట్టుకుంటున్న ఆ మనిషి.

వాకిట్లో తడుస్తున్న చాప వైపు చూసింది. నాలుగో వేలు మడవలేదు.