ఆడమనిషి తలాషీ

చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతున్నాను. జవాను జబ్బార్ వాకిట్లో నిలబడి, "అమ్మా, ఆడమనిషి తలాషీ ఉన్నది. సాబ్ రమ్మంటున్నడు" అన్నాడు. చాట పక్కన పెట్టి లేచాను. ఆడదాని ఒళ్లు ఆడదే వెతకాలని చట్టం. మంచి చట్టమే. కానీ మా ఠాణాలో ఆడ పోలీసు లేదు, చుట్టుపక్కల ఏ ఠాణాలోనూ లేదు. అందుకని అక్కడ రైటరుగా పనిచేసే నా మొగుడు లింగమూర్తి, సర్కారుకు తన చేతిరాతతో పాటు నా చేతులు కూడా ఇచ్చేశాడు. జీతం మాత్రం చేతిరాతకే. పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు కాపురానికి వచ్చాను. అప్పటినుంచి తొమ్మిదేళ్లుగా ఇదే వరస.

తలాషీ చేసి వచ్చిన రోజున తలస్నానం చేయందే మా అత్త వంటింట్లో అడుగు పెట్టనివ్వదు. ఎవరెవరినో ముట్టుకుని వచ్చానని. చలికాలమైనా చన్నీళ్లే. తడి జుట్టుతోనే పొయ్యి ముందు కూర్చోవాలి, ఎందుకంటే ఆయన భోజనం వేళ తప్పకూడదు. ఈ పని నా వల్ల కాదని ఒకసారి అంటే, "నీదేం అరిగిపోతది? చేతులు పెట్టి చూసుడే గదా" అన్నాడు. నిజమే, చేతులు అరగలేదు.

నేనూ తక్కువ తినలేదు, ఆ సంగతి ముందే చెప్తున్నాను. ఎరుకలవాళ్లు బుట్టలు, చాటలు అమ్మవస్తే వాకిట్లో ఆరబెట్టిన గిన్నెలు లోపల పెట్టేదాన్ని. ఒకనాడు ఇత్తడి గిన్నె కనబడకపోతే వాళ్లనే నోరారా తిట్టాను. సాయంత్రానికి అది అటక మీద దొరికింది. తిట్టు మాత్రం వెనక్కి తీసుకోలేదు, ఎవరు తీసుకోమన్నారు కనుక? వాళ్లను దొంగజాతి అనే చట్టం కొట్టేశారని ఆరేళ్ల కింద మా ఆయనే పేపరులో చదివి చెప్పాడు. చదివి, పేపరు మడిచి, ఠాణాకు పోయి వాళ్లను వరసగా నిలబెట్టి, అదే పాత జాబితా పట్టుకుని అవే పేర్లకు హాజరు వేశాడు.

ఆనాడు తలాషీ ఎరుకల దేవవ్వది. పటేల్ బుచ్చిరాములు మనవడికి ఏడాది నిండింది, ఇప్పుడిప్పుడే నడుస్తున్నాడు. వాడి కాళ్ల వెండి కడాల్లో ఒకటి కనబడలేదు. ఆ పొద్దున వాళ్ల వాకిట్లోకి చాటలు అమ్మడానికి దేవవ్వ వచ్చి ఉంది. ఇంకేం కావాలి?

ఠాణా వెనక గదిలో తలుపు మూసుకున్నాం, ఆమే నేనూ. చంకలో మూడు నెలల పాప. పాపను నేల మీద పడుకోబెట్టి, నేను చెప్పకముందే కొంగు తీసింది, కొప్పు విప్పింది, నోరు తెరిచి చూపించింది. వరస నాకెంత తెలుసో ఆమెకూ అంతే తెలుసు. రవిక దగ్గర తడిమితే పాలు కారి నా వేళ్లు తడిశాయి. రొండిన చూశాను, కుచ్చిళ్లు విప్పించి చూశాను. ఏమీ లేదు.

"ఏం లేదని చెప్తవా, దొరసాని?" అని అడిగింది.

"ఉన్నది ఉన్నట్టు చెప్త" అన్నాను. బయటికి వచ్చి ఠాణా పెద్ద అమీన్ సాబ్‌తో ఏమీ దొరకలేదని చెప్పాను. ఆయన సరే అన్నట్లు తలూపి, మా ఆయన వైపు చూశాడు. నేను ఇంటికొచ్చి నెత్తిన నీళ్లు పోసుకున్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇన్నేళ్లూ పంచనామాలు ఉర్దూలో ఉండేవి. అందులో నేను పంచును, అంటే సాక్షిని. ఏం రాశారో నాకు తెలియదు, చూపించిన చోట వేలిముద్ర వేసేదాన్ని. రెండేళ్ల కింద బడిలో సాయంత్రాలు ఆడవాళ్లకు అక్షరాలు నేర్పుతుంటే నేనూ పోయాను. నేను సంతకం చేస్తుంటే మా ఆయన మురిసిపోయాడు, వేలిముద్ర కంటే కాగితానికి ఇజ్జత్ వస్తుందన్నాడు. సంతకం వచ్చినదానికి చదవడం కూడా వస్తుందని ఆయనకు తట్టలేదు. ఈ ఏడు ఠాణా కాగితాలు తెలుగులోకి మారాయి.

మధ్యాహ్నం అన్నానికి వచ్చి, పీట పక్కన కాగితం పెట్టి సంతకం చేయమన్నాడు. పప్పు వడ్డించి కాగితం చేతిలోకి తీసుకున్నాను. మెల్లగా, వేలు పెట్టుకుని చదివాను. సదరు ఎరుకల దేవవ్వ, దొంగజాతి స్త్రీ, రొండిన దాచిన వెండి కడెం ఒకటి, తలాషీలో పంచు కొమురవ్వకు దొరికినది. కొమురవ్వ అంటే నేను. కడెం నిజంగానే ఉంది, గుడ్డలో చుట్టి ఆయన సంచిలో. జోడులో రెండోది. పటేలే తెచ్చి ఇచ్చాడట. పోయిన కడెం దొరకలేదు కనుక, పోని కడెం దొరికింది.

"పిల్లగాని కాలికున్నది, యాడ్నన్న జారి పడ్డదేమో. ఇల్లు వెతికిన్రా?" అన్నాను.

"పటేల్ ఇల్లు ఎవలన్న వెతుకుతరా?"

"ఆయన కోడలి తలాషీ పెట్టుండ్రి. నేనే వచ్చి చేస్త. రెండు కాగితాల మీద ఒక్కసారే సంతకం పెడ్త."

నవ్వాడు. పిచ్చిదానికి చెప్పినట్లు నిదానంగా చెప్పాడు. "గామె తియ్యకుంటే గామె మొగడు తీసిండు, గాడు గాకుంటే ఇంకోడు. గా జాతే గంత. నాకేమన్న గామె మీద పగనా?"

నిజంగానే పగ లేదు. అందుకే నాకు భయం వేసింది. పగ ఉన్నవాడికి ఒకనాటికి కోపం చల్లారుతుంది. ఈయనకు అసలు కోపమే లేదు. జాతి అని గీత గీసి ఉన్న చోట జాతి రాస్తాడు, ఆ తర్వాత మిగిలిన కాగితం దానంతటదే నిండిపోతుంది. మా ఆయన లంచం తినడు, తాగడు, నన్ను ఏనాడూ కొట్టలేదు. మంచివాడని ఊరంతా అంటుంది.

"గా ఉర్దూ కాగితాలల్ల ఏం రాసిండ్రు?" అని అడిగాను.

"పప్పు సల్లారింది" అన్నాడు.

నేను సంతకం పెట్టలేదు. ఆయన అరవలేదు. చేయి కడుక్కుని, కొత్త కాగితం తీసి, అదే మళ్లీ అందంగా రాసి, నా పేరున్న చోట మా అత్త పేరు పెట్టి, ఆమె బొటనవేలికి సిరా పూశాడు. ఎరుకలవాళ్లు నిలబడిన చోట నీళ్లు చల్లే మనిషి, దేవవ్వ ఒళ్లంతా వెతికినట్లు వేలు వేసింది. "కొడుకు నౌకరి కంటె గదెక్కువనా నీకు?" అంది నాతో. నేను చల్లారిన పప్పు గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయాను.

కేసు విచారణకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆ తొమ్మిది రోజులూ అంట్లు తోముతూ, పిండి విసురుతూ నేను తడిమిన ఒళ్లన్నీ గుర్తు చేసుకున్నాను. నిండు చూలాలు ఒకతె. సిగ్గుతో కళ్లు మూసుకున్న పిల్ల ఒకతె. నడవలేని ముసలామె ఒకతె. వాళ్లు తర్వాత ఏమయ్యారో ఏనాడూ అడగలేదు, తప్పు చేసి ఉంటారులే అనుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. జబ్బార్‌ను పిలిచి ఒక్కొక్కరి సంగతీ అడిగాను. అతను గొంతు తగ్గించి, చెప్పాడు. మా ఆయన ఉద్యోగం పోతే ఏం తింటామా అన్న భయమూ ఉంది. ఈ ఇంట్లోంచి వెళ్లగొడితే పోవడానికి నాకు బాపు లేడు, అవ్వ లేదు. ఆ సంగతీ ఆలోచించుకున్నాను.

విచారణ రోజు మా అత్తను తీసుకుని ఆయన ముందు బస్సులో పోయాడు. వచ్చేసరికి వంట సిద్ధం చేసి ఉంచమన్నాడు. వండి, మూతలు పెట్టి, రెండో బస్సెక్కాను.

కోర్టులో మా అత్త నేర్పినదంతా తప్పులేకుండా అప్పజెప్పింది. దేవవ్వకు వకీలు లేడు. నేల మీద పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుని, ఏమైనా చెప్పుకుంటావా అంటే, "నా తాన ఏం లేదు, బాంచన్" అంది. మేజిస్ట్రేటు ఆ మాట రాసుకోలేదు. ఆయన ముఖం చూస్తే ఇలాంటి మాట చాలాసార్లు విన్నట్లుంది. తీర్పు రాయడానికి కలం తీశాడు.

నేను వెనక నుంచి లేచి ముందుకు నడిచాను. ఎవరు నువ్వని మేజిస్ట్రేటు విసుక్కున్నాడు. గుమాస్తా వంగి ఆయన చెవిలో చెప్పాడు. వెంటనే ఆయన గొంతు మారింది.

"రైటరుగారి భార్యా? ముందే చెప్పొద్దూ. కూర్చోండమ్మా" అన్నాడు. కుర్చీ తెచ్చి వేశారు. మా ఆయన నా వైపు చూస్తున్నాడు, చూడొద్దనుకున్నా చూశాను. పెళ్లయ్యాక ఆయన ముఖంలో భయం చూడటం అదే మొదటిసారి. నేను కూర్చోలేదు.

"దేవవ్వ తలాషీ చేసింది మా అత్త గాదు, నేను. తొమ్మిదేండ్లల్ల పదకొండు మంది ఆడోళ్ల ఒళ్లు గీ చేతులతోటే వెతికిన. ఒక్కల తాన సుత ఏం దొరకలే. గీమె పదకొండోది. ముందటి పదిమంది జైలుకు పోయిన్రు."