కొమురెల్లి అన్‌ఫిట్ అర్జీ

అంద్రెయ సారు బొగ్గుబాయి ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు క్లర్కుగా చేసి రిటైరయ్యాడు గానీ, ఆయన చెయ్యి మాత్రం రిటైరవలేదు. గోదావరిఖనిలో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా ఆయన ఇంటికే వస్తారు. అందులోనూ అన్‌ఫిట్ అర్జీలంటే ఆయన తరవాతే ఎవరైనా. జబ్బుపడ్డ కార్మికుణ్ణి డ్యూటీకి పనికిరాడని తేల్చి, అతని బదులు ఇంట్లోవాళ్ళని పనిలోకి తీసుకొమ్మని వేడుకునే అర్జీ అది. ఆయన రాస్తే దున్నపోతులాంటి మనిషి కూడా సాయంత్రం దాకా బతుకుతాడా అనిపిస్తుంది.

ఆయన దగ్గరికి ఒకరోజు సమ్మవ్వ వచ్చింది. ఆమె పెద్దకొడుకు కొమురెల్లి పద్నాలుగేళ్ళుగా జైల్లో ఉన్నాడు. పొలం మోటారు దగ్గర జరిగిన కొట్లాటలో కట్టె ఎత్తి కొడితే, పక్కచేను ఐలవ్వ కొడుకు అక్కడే ప్రాణం విడిచాడు. కోర్టు యావజ్జీవం వేసింది.

"శిక్ష తగ్గించుమని సర్కారుకు అర్జీ పెట్టుకోవచ్చట సారూ. జైల్ల మంచిగనే ఉంటుండట. కని అవతలోళ్ళను గుడ అడుగుతరట. ఐలవ్వ వద్దన్నదంటే అయిపాయె. నా కండ్లు మూతపడకముందే వాడు ఇల్లు చేరాలె."

"ఫికర్ చెయ్యకక్కా. నేన్రాసిన అర్జీ ఇప్పటిదాక వాపస్ రాలే" అన్నాడు అంద్రెయ.

అన్నాడే గానీ, జైలు అర్జీ ఆయన జన్మలో రాసి ఎరగడు. ఆ సంగతి చెప్పుకోవడానికి నామోషీ. కాగితం ముందుకు లాక్కున్నాడు, మిగతాది చెయ్యి చూసుకుంది. రాసింది మళ్ళీ చదువుకోవడమన్నది కొత్త గుమాస్తాల పని అని ఆయన అభిప్రాయం.

మర్నాడు సమ్మవ్వనూ, ఆమె చిన్నకొడుకు పోశంనూ వెంటబెట్టుకుని వాళ్ళ ఊళ్ళో ఐలవ్వ ఇంటికి వెళ్ళాడు. ఒకే ఊరు, ఒకే రేషన్ దుకాణం, వరసలో ముందూ వెనకా నిలబడ్డా ఆ ఇద్దరు తల్లులకూ పద్నాలుగేళ్ళుగా మాటల్లేవు. ఐలవ్వ కూర్చోమనలేదు, పొమ్మనీ అనలేదు.

"ఏం రాసిండ్రో సదువుండ్రి" అంది.

అంద్రెయ గొంతు సవరించుకున్నాడు. "పై కొమురెల్లికి నడుము నొప్పి, దమ్ము, రేచీకటి, రెండు మోకాళ్ళు అరుగుట..."

"అయ్యో కొడకా! పోయిన నెల ములాఖత్‌కు పోతే ఒక్కటి గుడ చెప్పకపోతివి!" సమ్మవ్వ గుండెలు బాదుకుంది.

"అవి ఉండయక్కా, రాస్తం అంతే" అని ఆమెను ఊరుకోబెట్టి, అదే ఊపులో చదివేశాడు. "కావున డ్యూటీ చేయలేని పై వ్యక్తిని అన్‌ఫిట్ చేసి, అతని స్థానంలో తమ్ముడు పోశంను వెంటనే తీసుకొనగలరని ప్రార్థన."

"నన్నా? జైలుకా?" పోశం రెండడుగులు వెనక్కి వేశాడు.

అంద్రెయ కాగితం చటుక్కున మడిచేశాడు. కొడుకును పోగొట్టుకున్న తల్లి ముందుకు వచ్చి, తన గొప్పతో అంతా బూడిదపాలు చేశాడు.

ఐలవ్వ నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. చివరికి కళ్ళు తుడుచుకుంది.

"ఒక్కడు సచ్చె, ఒక్కడు జైలుకు పాయె. రెండిండ్లు ఆగమాయె. ఇగ వీన్ని గుడ పంపుతరా? సాలు తియ్యుండ్రి. ఉన్నోన్ని రానియ్యిండ్రి" అని వేలిముద్రకు బొటనవేలు చాపింది.

సమ్మవ్వ ఆమె కాళ్ళ దగ్గర కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

"నువ్వు ఒప్పుకున్నట్టు వేరే కాయిదం రాసి రేపు తెస్తనక్కా. అప్పుడు ముద్దరెయ్యి" అన్నాడు అంద్రెయ.

"ఇప్పుడే తీస్కో. రాత తర్వాత రాస్కో."

"తెల్లకాయిదం మీద తీసుకోవద్దు, తప్పు."

"రేపటిదాక ఆగితే నా కొడుకు యాదికొస్తడు సారూ" అంది ఐలవ్వ. "జల్ది తియ్యి."