నీలిరంగు తొడుక్కున్న వలగుండు

నేను బొటనవేలి కణుపంత సీసపు గుండుని. విసురువల అంచుకు బరువుగా కట్టే రెండు వందల చిల్లర గుండ్లలో ఒకదాన్ని. అంతకుముందు లారీ చక్రం ఊగకుండా బిగించిన బరువుముక్కలో ఉండేదాన్ని. ఆ బతుకు గురించి చెప్పుకోడానికేం లేదు. తిరిగాను, అంతే.

నన్ను గుండుగా పోసినవాడు మసేను. కాకినాడ అవతల ఉప్పుటేటి ఒడ్డున వాళ్ళ ఇల్లు. పెరట్లో పొయ్యి మీద మూకుడు పెట్టి సీసం కరిగించేవాడు, అచ్చులో పోసేవాడు. చల్లారాక నా చీలికలో వలతాడు ఇరికించి, పళ్ళ మధ్య పెట్టి నొక్కేవాడు. వాళ్ళ నాన్నా అలాగే నొక్కాడట, తాతా అలాగే. మెత్తగా ఉన్నదేదీ హాని చెయ్యదని మనుషులకు గట్టి నమ్మకం. పని అయ్యాక నల్లబడ్డ చేతులు లుంగీకి తుడుచుకుని అన్నానికి కూర్చునేవాడు.

మొదట కడుపునొప్పి వచ్చింది. తర్వాత కుడి మణికట్టు వాలిపోయింది. విసిరితే గొడుగులా విచ్చుకోవలసిన వల ముద్దగా పడేది. ఆ ముద్దలో నేనూ మునిగేదాన్ని. పైన నీళ్ళలో నిలబడ్డ మనిషి చేతిని పాడుచేసింది నేనేనని అప్పటికి నాకు తెలియదు.

దిష్టి తగిలిందని భార్య లోవమ్మ ఉప్పు తిప్పి పోసింది. కోడలు వీరవేణి మాత్రం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. రక్తంలో సీసం ఉందని తేలింది. ఇక కరిగించకూడదు, నోట పెట్టకూడదు, ఉత్త చేత్తో ముట్టకూడదు అన్నారు డాక్టరమ్మ. మందులు రాశారు. అచ్చూ మూకుడూ ఆ రోజే ఇల్లు దాటాయి. వల చూరుకెక్కింది.

రెండు నెలలకు చెయ్యి కాస్త లేచింది గాని మనిషి లేవలేదు. అరుగు మీద కూర్చుని, ఏటిలో పక్కవాళ్ళు వలలు విసురుతుంటే మొహం తిప్పుకునేవాడు. ఇనపగుండ్లు కట్టుకోమని ఎవరో చెప్తే, తుప్పుపట్టి వల కొరికేస్తాయని కసిరాడు.

వీరవేణి గేట్లకూ కిటికీ చట్రాలకూ పౌడర్ కోటింగ్ వేసే షెడ్డులో పనిచేస్తుంది. ఇనుము మీద రంగుపొడి చల్లి ఓవెన్‌లో పెడితే, ఆ పొడి కరిగి గట్టి తొడుగులా పట్టుకుంటుంది. ఈ తొడుగు సీసానికీ వెయ్యొచ్చా అని ఆమె యజమాని ఆచారిగారిని అడిగింది. సీసం కరిగి ఓవెన్ పాడవుతుందని ఆయన భయపడ్డారు. ఆ వేడికి సీసం కరగదని తానే లెక్క చెప్పి ఒప్పించి, ఓవెన్ వాడుకోడానికి ఒక ఆదివారం అడిగి పుచ్చుకుంది.

గ్లౌజులు తొడుక్కుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, మమ్మల్నందరినీ వల నుంచి విప్పింది. వంటకు వాడని పాత డేక్సాలో సబ్బునీళ్ళు మరిగించి బ్రష్‌తో తోమింది. ఏళ్ళ తరబడి పట్టిన చేపజిడ్డు, వలకు పూసిన నూనె, బురద అన్నీ వదిలాయి. ఎండలో ఆరబెట్టింది. నన్ను అంత శ్రద్ధగా ఎవరూ కడగలేదు. సాయంత్రం లోవమ్మ, ఎంత తెల్లబడ్డాయో అనుకుంటూ, చేపలు వేయించిన చేత్తో మమ్మల్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ చేతికున్న నూనె సంగతి ఎవరికీ తట్టలేదు.

షెడ్డులో రంగుపొడి చల్లి, వేడిచేసి ఓవెన్‌లోంచి తీస్తే మా ఒంటినిండా బొబ్బలు. గోటితో గీస్తే రంగు పొరలు పొరలుగా లేచింది. ఆచారిగారు జాలిపడి, వదిలెయ్యమన్నారు. వీరవేణి వదల్లేదు. రంగు వలిచి మళ్ళీ కడిగింది. ఈసారి పొడి చల్లకుండానే ఓవెన్‌లో వేడిచేసింది. నాలోపల దాగిన జిడ్డు చెమటలా పైకి తేలింది. చల్లారాక థినర్ గుడ్డతో తుడిచింది. ఆపైన వేలితో తాకకుండా చిమటాతో పట్టుకుని తీగలకు వేలాడదీసింది. ఏదో బడి గేటుకు వేయగా మిగిలిన నీలిరంగు పొడి చల్లింది. మళ్ళీ వేడి. ఈసారి రంగు ఒళ్ళంతా నున్నగా పట్టింది.

డాక్టరమ్మను అడిగితే, తొడుగు చెదరనంతవరకూ, చేతులు సబ్బుతో కడుక్కుంటే, నోటి దగ్గరికి రానివ్వకుంటే పర్వాలేదన్నారు. వీరవేణి మమ్మల్ని తానే, పట్టకారు దవడలకు గుడ్డ చుట్టి, వలకు బిగించి, వల తెచ్చి మామగారి ముందు పెట్టింది. ఆయన కుడిచెయ్యి ఎత్తి చూపించాడు.

"నా సెయ్యి తిరగదమ్మా. నలుగురూ నవ్వుతారు."

"నవ్వితే నవ్వనియ్యండి మావయ్యా. ఒక్కసారి ఇసరండి."

మసేను మోకాలి లోతు నీళ్ళలోకి దిగాడు. మొదటిసారి వల సగమే విచ్చుకుంది. రెండోసారీ అంతే. మూడోసారి నడుము తిప్పి వదిలాడు. మేమంతా గాలిలోకి లేచాం. ఎండలో నీలంగా, ఒకరికొకరం దూరంగా జరుగుతూ, నిండుచక్రమై నీళ్ళ మీద ఒక్కసారిగా వాలాం.

ఆయన వెనక్కి తిరగకుండానే కోడల్ని అడిగాడు: "గుండ్రంగా పడిందా ఏణమ్మా?"

"పడింది మావయ్యా."

వలలో అయిదు జెల్లచేపలు పడ్డాయి. గట్టెక్కి మసేను ముందు సబ్బు అడిగాడు.

ఇప్పటికి ఏడాదిన్నర. ఆదివారాలు వీరవేణి వల పరిచి ఒక్కొక్క గుండునూ చూస్తుంది. నిన్న రాయి తగిలి నా అంచున చిన్న పెచ్చు ఊడింది. ఎవరికీ కనిపించదనుకున్నాను. ఆమె చూసింది. గ్లౌజులు తొడుక్కుని నన్ను వలనుంచి విడదీసి విడిగా ఒక డబ్బాలో ఉంచింది. షెడ్డుకు తీసుకెళ్ళి మళ్ళీ కడుగుతుందట. నేను ఎదురుచూస్తున్నాను.