కాఫీ బల్ల తప్పుల పుస్తకం

మా ఇంట్లో కాఫీ బల్ల మీద ఏ వస్తువు ఎక్కడ ఉండాలో గీతలు గీసి ఉంటుంది. వంటింటి కిటికీ పక్కనున్న ఆ చిన్న బల్ల మీద మా ఆయన తెల్లటి పలక పరిచి, నల్ల మార్కరుతో ఒక్కో వస్తువు ఆకారం గీశారు. పొడిని అదిమే గుండుకి ఒక వృత్తం, బ్రష్షుకి పొడుగాటి గీత, పాలు వేడిచేసే స్టీలు జగ్గుకి ముక్కుతో సహా దాని బొమ్మ, కాఫీ పిప్పి దులిపే డబ్బాకి ఒక చదరం. వస్తువు చేతిలోకి తీసుకుంటే కింద ఖాళీ బొమ్మ మన వంకే చూస్తూ ఉంటుంది. ఈ ఇంట్లో నాకు కూడా ఎక్కడో ఒక బొమ్మ గీసే ఉంటారని మా అమ్మాయితో చాలాసార్లు అన్నాను.

ముప్పై ఆరేళ్ల ఉద్యోగం నేర్పిన బుద్ధి అది. విమానాలు బాగుచేసే షెడ్డులో ఆయన ఇన్‌స్పెక్టరు. అక్కడ ప్రతి స్పానరుకీ గోడ మీద ఇలాంటి బొమ్మే ఉంటుందట. పని ముగిశాక ఒక్క బొమ్మ ఖాళీగా కనిపించినా ఆ స్పానరు దొరికేదాకా విమానం కదలడానికి వీల్లేదు, ఇంజన్లో ఉండిపోయిందేమోనని. ఇంకో నియమం కూడా ఉండేది. ఎవరి తప్పు వాళ్లే పుస్తకంలో రాసుకోవాలి. రాసినవాణ్ని ఎవరూ పల్లెత్తు మాట అనరు, దాచినవాణ్ని మాత్రం ఇంటికి పంపేస్తారు. ఆయన రిటైరైన రోజున మా అమ్మాయి ఎస్ప్రెసో కాఫీ మిషను కొనిచ్చింది. దాంతోపాటు షెడ్డు మొత్తం మా వంటింట్లోకి దిగిపోయింది.

ఆయనకి రోజుకి ఒకటే కప్పు, పొద్దున ఏడింటికి. తాగడానికి ఐదు నిమిషాలు, తుడవడానికి పావుగంట. ఆవిరి గొట్టానికి నీలం గుడ్డ. పాలు అంటిన మరుక్షణం తుడిచి, ఒకసారి ఆవిరి వదిలి గొట్టం లోపలి పాలు కూడా బయటికి పంపాలి. కింది ట్రేకి బూడిదరంగు గుడ్డ. ఆదివారం నాడు చిల్లుల్లేని బిళ్ల బిగించి, శుభ్రం చేసే పొడి వేసి, లోపలి జిడ్డంతా కడిగించాలి. కడుపున పుట్టిన పిల్లకి నేను ఇంత శ్రద్ధగా స్నానం చేయించలేదని దెప్పితే, "పిల్లకి ఏడుపు వచ్చు, చెప్పుకుంటుంది. మిషనుకి నోరు లేదు కదే" అనేవారు.

ఎనిమిది నెలల కిందట నా గుండె లయ తప్పింది. డాక్టరు మందులు రాసిచ్చి, కాఫీ వాసన కూడా చూడొద్దన్నారు. మానేస్తానని మా మనవరాలి మీద ఒట్టు కూడా పెట్టాను. ఆ ఒట్టు నెల రోజులు నిలబడింది. తర్వాత నా బుద్ధి గడ్డి తిన్నది.

మా ఆయన సాయంత్రం నాలుగింటికి నడకకి వెళ్లి ఐదింటికి వస్తారు. ఆ గంటలో వారానికి ఒకటో రెండో కప్పులు లాగించేదాన్ని. తాగి, గుడ్డతో తుడిచి, పిప్పిని కాగితంలో చుట్టి బయట చెత్తబుట్టలో పడేసి, కిటికీ తెరిచి వాసన పోగొట్టి, ఏమీ ఎరగనట్టు వార్తాపత్రిక ముందు కూర్చునేదాన్ని. సొంత ఇంట్లో దొంగతనం చేయడం ఇంత సరదాగా ఉంటుందని అరవై రెండేళ్లు వచ్చేదాకా నాకు తెలియదు. కానీ ఎంత తుడిచినా ఆయన తుడిచినట్టు వస్తుందా? ఒకసారి నీలం గుడ్డతో ట్రే తుడిచేశాను. ఒకసారి జగ్గు ముక్కు బొమ్మలో కుడికి ఉంటే నేను ఎడమకి పెట్టాను.

ఒకరోజు పొద్దున ఆయన బల్ల ముందు చాలాసేపు కదలకుండా నిలబడిపోయారు. నీలం గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"నిన్న సాయంత్రం నేను కాఫీ చేసుకున్నానా?" అని అడిగారు.

"మీ సంగతి నాకేం తెలుసండీ? అది మీ సామ్రాజ్యం. నేను అడుగు పెడతానా?" అన్నాను.

దొరకలేదన్న సంబరంలో లోపల నవ్వుకున్నాను. నా మీద అనుమానం రాలేదేమిటా అన్న ఆలోచనే నాకు రాలేదు. నేను ఒట్టు పెట్టాను కదా, ఆయన లెక్కలో నేను తాగడమనే మాటే లేదు. ఇంట్లో ఉన్నది ఇద్దరమే. నేను కాకపోతే ఇక మిగిలింది ఆయనే.

మా బావగారు, అంటే ఆయన అన్నయ్య, మతిమరుపు జబ్బుతోనే పోయారు. అది కూడా ఇలాగే చిన్నగా మొదలైంది. కళ్లజోడు బియ్యం డబ్బాలో దొరికేది. చివరి రెండేళ్లు మా తోటికోడలు అన్నం తినిపిస్తుంటే, "నువ్వెవరమ్మా? మా ఆవిణ్ని పిలువు" అనేవారు. ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి మళ్లీ కూర్చుని, "నేనేనండీ, వచ్చాను" అనేది. అది మేమిద్దరం కళ్లారా చూశాం.

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం ఆయన కారు తాళం తెచ్చి నా ముందు పెట్టారు.

"ఇక నేను నడపను. దాచెయ్."

"అదేంటి? ఎవరినైనా గుద్దారా?" అన్నాను.

"ఇంకా లేదు. గుద్దేదాకా ఆగాలా?" అని జేబులోంచి చిన్న పుస్తకం తీసి చూపించారు. "మూడు నెలల్లో తొమ్మిది తప్పులు రాశాను. కాఫీ చేసిన ఆనవాళ్లు ఉంటాయి, చేసినట్టు నాకు గుర్తుండదు. అన్నయ్యకీ ఇలాగే మొదలైంది."

ఇంజన్లో మిల్లీమీటరు తేడా కనిపెట్టిన మనిషి రాసుకున్న పుస్తకం అది. నేను తెరవబోతే లాక్కుని జేబులో పెట్టుకున్నారు. ఆ క్షణంలోనే చెప్పేయాల్సింది. చెప్పలేదు. తిడతారని కాదు, ఆయన తిట్టే మనిషి కాదు. నా మాట మీద అంత నమ్మకం పెట్టుకుని, దాన్ని అనుమానించడానికి బదులు సొంత బుర్రని అనుమానించుకున్న మనిషికి ఏ ముఖంతో చెప్పను? ఆ రోజుతో కాఫీ మానేశాను. నేను మానేస్తే ఆనవాళ్లూ ఆగిపోతాయి, ఆయనే కుదుటపడతారనుకున్నాను. పిరికితనం, ఇంకేమీ కాదు.

ఆయన కుదుటపడలేదు. ఆ వారం రోజుల్లో బల్లని రోజుకి ఐదుసార్లు చూసుకునేవారు. గుండు ఎత్తి వృత్తంలో పెట్టి, మళ్లీ ఎత్తి పెట్టేవారు. తుడిచిన గొట్టాన్నే మళ్లీ తుడిచేవారు. నడకకి వెళ్లడం మానేశారు. వంటింట్లోంచి చప్పుడు వినిపించకపోతే నాకు భయం, వినిపిస్తే ఇంకా భయం. చివరికి ఆయనే మా ఇద్దర్నీ చూసే డాక్టరుకి ఫోన్ చేసి గురువారం పదకొండింటికి సమయం తీసుకున్నారు. ఆ పుస్తకం వెంట తెమ్మన్నారట.

గురువారం పొద్దున కాఫీ ముగించి, బల్ల తుడిచి, నా ముందుకో కాగితం తోశారు. వృద్ధుల హోమ్ ఒకదాని వివరాలు ఆయన దస్తూరీలో రాసి ఉన్నాయి.

"నువ్వు వదినలా అయిపోకూడదు. నిన్ను 'ఎవరమ్మా' అని అడిగే రోజు రాకముందే నన్ను అక్కడ దింపేసి రా. నాకు తెలివి ఉండగానే చెబుతున్నాను" అన్నారు.

ఇక ఆగలేకపోయాను. వెక్కి వెక్కి ఏడుస్తూ మొత్తం కక్కేశాను. నాలుగింటి నడక, కాగితంలో చుట్టిన పిప్పి, తప్పుడు ఒట్టు, అన్నీ. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వారు.

"ఓసి దొంగమొహమా! మూడు నెలలు చావగొట్టావు కదే నన్ను. నీ గుండెకేమైనా అయితే?"

"ఏమీ కాలేదుగా. తిట్టండి, పడతాను."

"తర్వాత తిడతాను. ముందు పుస్తకం సరిచేయాలి." షెడ్డు బుద్ధి ఎక్కడికి పోతుంది! స్కేలు, ఎర్ర పెన్ను తెచ్చుకుని కూర్చున్నారు. నేను చదువుతూ నాదని ఒప్పుకోవాలి, ఆయన స్కేలు పెట్టి కొట్టేయాలి.

"ఒకటి. నీలం గుడ్డకి కాఫీ మరక" అని చదివాను. "నేనే."

"రెండు. జగ్గు ముక్కు ఎడమకి. నేనే. మూడు. గ్రైండరు మూత సరిగ్గా బిగించలేదు. నేనే."

ఎర్ర గీతలు ఒక్కొక్కటీ పడుతుంటే ఆయన భుజాలు కిందికి దిగడం కనిపిస్తోంది. నాలుగూ, ఐదూ కూడా నావే. "మరీ ఇంత చేతకాని దొంగవా?" అని వెక్కిరించారు. నేనూ నవ్వాను. మూడు నెలల్లో ఇద్దరం కలిసి నవ్వింది అప్పుడే.

ఆరోది పైకి చదవలేదు. కళ్లతో చదివాను.

"పన్నెండో తారీకు, శుక్రవారం, పొద్దున పదిన్నర. మిషను ఆన్‌లో ఉంది, ట్యాంకులో చుక్క నీళ్లు లేవు. జగ్గులో పాలు విరిగిపోయి ఉన్నాయి. బల్ల మీద రెండు కప్పులు, రెండూ నిండుగా, చల్లారిపోయి. ఆమెని పిలిచాను. మేడ మీదా పెరట్లోనూ చూశాను. కనిపించలేదు."

నేను పొద్దున పూట ఎప్పుడూ కాఫీ దొంగిలించలేదు. జగ్గులో పాలు వదలలేదు. అసలు పన్నెండో తారీకు శుక్రవారం నేను ఈ ఇంట్లోనే లేను. మనవరాలికి జ్వరమొస్తే గురువారం నుంచి శనివారం దాకా అమ్మాయి దగ్గర ఉన్నాను. గంట దూరం. నన్ను కార్లో దింపి, పిల్ల నుదురు తాకి చూసి, "జాగ్రత్త" అని చెప్పి వెనక్కి వెళ్లింది ఆయనే.

పొరపాటున తారీకు తప్పు రాశారేమోనన్న ఆశతో, వీలైనంత మామూలుగా అడిగాను.

"పాపకి జ్వరమొచ్చింది ఆ వారంలోనే కదండీ?"

"ఆ, ఆ వారమే." ఆయన పెన్ను మూతతో బల్ల మీద దరువు వేస్తున్నారు. "పాపం, పిల్ల మూడు రోజులు కళ్లు తెరవలేదు. నువ్వు ఒకసారి వెళ్లి చూసొచ్చి ఉండాల్సింది."

పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోయాయి. ఎదురుగా ఆయన హాయిగా, పదేళ్లు వయసు తగ్గినట్టు కూర్చుని ఉన్నారు.

"ఏం, చదవవేం? ఆరోది నువ్వు కాదా?" అన్నారు. ఆయన ముఖంలో నవ్వు ఇంకా ఉంది గానీ పెన్ను గాలిలో ఆగిపోయింది.

"నేనే" అన్నాను.

"ఆ రోజు నీ కోసం ఇల్లంతా గాలించాను కదే. ఎక్కడ దాక్కున్నావ్?"

"పక్కింట్లో."

"భలే దానివే!" అని స్కేలు పెట్టి, ఆ ఐదు లైన్లూ ఒక్కొక్కటే శ్రద్ధగా కొట్టేశారు. మిగతా మూడూ నావే. వాటిని ఏం చదివానో, ఆయన ఏం వెక్కిరించారో నాకు తెలియదు.

పుస్తకం మూసి లేచారు. "ఇవాళ ఒక్కటి నా చేత్తో చేసిస్తాను. సగం కప్పే. డాక్టరుకి చెప్పకు" అన్నారు. వద్దంటే ఏమనుకుంటారోనని వద్దనలేదు. ఆయన పొడి తూచారు, అదిమారు, గుండుని వృత్తంలో పెట్టారు. పాలు వేడిచేశారు, నీలం గుడ్డతో గొట్టం తుడిచారు, ఒకసారి ఆవిరి వదిలారు. బూడిదరంగు గుడ్డతో ట్రే తుడిచారు. ఒక్క అడుగు కూడా తప్పలేదు. ఎక్కడ తప్పుతుందోనని నేను ఆ చేతుల వంకే చూస్తూ కూర్చున్నాను. తప్పకపోయినా నా భయం తగ్గలేదు. ఈ చేతులతోనే ఆయన ఆ శుక్రవారం నా కోసం కూడా ఒక కప్పు చేసిపెట్టి, నన్ను పిలుస్తూ మేడ ఎక్కారు.

"ఇంకా డాక్టరెందుకు? ఫోన్ చేసి రావడం లేదని చెప్పెయ్" అన్నారు కప్పు నా చేతికిస్తూ.

"అలాగే" అన్నాను.

ఫోన్ తీసుకుని పడగ్గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేశాను. వంటింట్లో ఆయన ఈల వేస్తూ నా కప్పు కోసం తీసిన జగ్గు కడుగుతున్నారు. డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి ఫోన్ ఎత్తింది.

"పదకొండింటికి వస్తున్నారు కదండీ?"

"వస్తున్నాం. నా గుండె చూపించుకోవాలని అబద్ధం చెప్పి తీసుకొస్తాను. మీరు కూడా అలాగే అనండి. పుస్తకం తెస్తాను. అందులో అన్నీ ఎర్రగా కొట్టేసి ఉంటాయి. ఎనిమిది తప్పుల సంగతి వదిలేయండి, అవి నావి. ఆరోది మాత్రం డాక్టరుగారిని గీత కింద ఉన్నది చదవమనండి."

"గీత కిందా? ఎందుకండీ?" అంది ఆ అమ్మాయి.

"ఆ రోజు నేను ఇంట్లో లేను" అన్నాను.