మిషను మీద కప్పిన దుప్పటి

ఆ రాత్రి పడుకునేటప్పుడు నా చేతిలో రెండు వందల పన్నెండు చీర అంచుల డిజైన్లు ఉన్నాయి. మంగళగిరిలో మగ్గం నేసే బసవపున్నయ్య గారు ముప్పై ఏళ్లలో గ్రాఫు కాగితాల మీద గీసినవి. చూపు మందగించాక ఎనిమిది వేలకు నాకిచ్చేశారు. వాటిని స్కాన్ చేయించి ఇంట్లో కంప్యూటర్‌లో పెట్టుకున్నాను. ఉంచితే చెద పడుతుందని కాగితాలను పాతపేపర్ల బండికి వేసేశాను. ఆయన కూతురు కీర్తన రెండు మగ్గాలు పెట్టుకుంటానని, కాపీలు ఇవ్వమని ఏడాదిగా అడుగుతోంది. "రేపు పంపిస్తానమ్మా" అంటూ వచ్చాను. ఒకే సరుకు రెండు కొట్లలో ఉంటే ధర పలకదు.

హైదరాబాద్ పార్టీ ఒకాయన మొత్తం డిజైన్లు కొంటానన్నాడు. పంపడం మొదలుపెట్టాను కానీ మా నెట్ నెమ్మది. రాత్రంతా పోతూ ఉంటాయిలే అని కంప్యూటర్ ఆన్‌లోనే ఉంచాను. భవానీపురంలో మా ఇల్లు లారీలు తిరిగే రోడ్డు మీద. సాయంత్రానికి బల్ల మీద వేలితో పేరు రాయొచ్చు. కొట్టు కట్టేసేముందు చీరల దొంతరల మీద గుడ్డ కప్పే అలవాటు కొద్దీ మిషను మీద దుప్పటి కప్పాను.

"నడిచేదాని మీద కప్పుతారా ఎవరైనా? ఉడికిపోద్ది," అంది నా భార్య షహనాజ్.

"దుమ్ము పడితే తుడిచేది నువ్వా?"

"రోజూ తుడిచేది నేనేగా."

తెల్లారేసరికి మిషను ఆగిపోయి ఉంది. బటన్ నొక్కితే పలకలేదు. రిపేరు చేసే స్టీఫెన్‌ని పిలిచాను. దుప్పటి ఇంకా దాని మీదే ఉంది.

"చలిజ్వరమా అండీ దీనికి?" అన్నాడతను.

పక్క రేకు విప్పాడు. ఫ్యాను రెక్కలకు దుమ్ము పీచులా పట్టింది. బ్రష్‌తో దులిపి, ర్యామ్ ముక్కను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాడు. మిషను లేచింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే లోపల్నుంచి టక్కుటక్కుమని చప్పుడు మొదలైంది.

"మిషను బాగానే ఉందండీ. డిస్కే పోయింది. ఇంకో కాపీ ఎక్కడుంది?"

"లేదు."

"పెన్‌డ్రైవ్‌లో?"

"లేదయ్యా."

"పోనీ, కాగితాలు?"

"పాతపేపర్ల వాడి దగ్గర," అంది షహనాజ్.

హైదరాబాద్‌కు చేరినవి నలభై ఒకటి. మొత్తం లేకపోతే బేరం లేదన్నాడు పార్టీ.

ఇక మిగిలింది బసవపున్నయ్య గారి జ్ఞాపకం. ఫోన్ చేస్తే కీర్తన ఎత్తింది. జరిగింది చెప్పాను.

"నాన్నకి చూపు ఆనట్లేదండీ. మీరు రేపు రేపంటుంటే, ఆయన గళ్ల లెక్క చెబుతుంటే నేనే గీసుకున్నా. మొన్న ఆదివారంతో అన్నీ అయిపోయినయ్యి."

"చల్లటి కబురు చెప్పావమ్మా. ఫోటోలు తీసి నాకు పంపు. ఎంతో కొంత ఇస్తాను."

"నాన్ననడగాలండీ."

"అడుగు. లైన్లోనే ఉంటా."

అవతల మగ్గం చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

"రేపు చెబుతానండీ," అంది. గొంతులో కోపం లేదు. నేను ఆ మాట ఎంత మెత్తగా అనేవాణ్నో అంతే మెత్తగా అంది.

నాలుగు నెలలైంది. ఫోన్ చేయడం మానేశాను. ఎనిమిది వేల సరుకులో చివరికి నాకు దక్కినవి: ఎవరూ కొనని నలభై ఒక్క అంచులు, కొత్త డిస్కుతో చక్కగా నడుస్తున్న కంప్యూటర్, షహనాజ్ ఉతికి మడతపెట్టిన దుప్పటి.