ఫోను పలకని ఇల్లు

"ఊపిరి బిగబట్టుకోప్పా. కదలొద్దు... ఆ, ఇడువు."

సత్యవేదం మీట నొక్కి తలుపు చాటు నుంచి ఇవతలికి వచ్చాడు. మదనపల్లె మిషన్ ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో ఇన్నేళ్లుగా ఆయన మాట్లాడిన మాటలు దాదాపు ఇవే. వయసులో ఉన్న ఆడమనిషి వస్తే మాత్రం, కూడా వచ్చినవాళ్లకు వినబడకుండా, "నెల తప్పిందా అమ్మా?" అని అడిగేవాడు. అవునంటే డాక్టరమ్మ దగ్గరికి తిరిగి పంపేవాడు. ఆ ప్రశ్న ఏనాడూ మరిచిపోలేదు.

ఇంటి పక్క మేడ మీద సెల్ టవరు లేచిన ఏడాదే ఆయన భార్య లిడియా మెదడులో గడ్డతో పోయింది. కూతురు బీనా కాన్పుకు కుప్పం నుంచి వస్తోందనగానే, టవరు కిరణాలు లోపలికి రాకుండా ఇంటి గోడలన్నిటికీ వంటింటి అల్యూమినియం కాగితం అతికించాడు. కిటికీలకు సన్నని ఇనుప మెష్ కొట్టించాడు. ఆసుపత్రిలో మూలన పడేసిన ఎక్స్‌రే కిరణాలను ఆపే పాత సీసపు కోటు అడిగి తెచ్చి, బీనా పడుకునే మంచం వైపు కిటికీకి వేలాడదీశాడు.

"బిరియానీ పొట్లం మాదిరి సుట్టేసినావే నన్ను!" అని వచ్చినరోజు బీనా నవ్వింది. తరువాత నవ్వడం మానేసింది.

ఆ మధ్యాహ్నం అన్నానికి వస్తే ఇంట్లో బీనా లేదు. వంటింట్లో లేదు, దొడ్లో లేదు. దొడ్లోంచే తలెత్తి చూశాడు. ఎనిమిదో నెల కడుపుతో బీనా మిద్దె చివర, టవరుకు ఎదురుగా, పిట్టగోడ పట్టుకుని నిలబడి ఉంది. చెవి దగ్గర ఫోను.

"కదలొద్దు!"

ఎక్స్‌రే గది గొంతే వచ్చింది. మెట్లెక్కే సరికి ఆయాసం.

"యాలమ్మా ఈడికెక్కినావు? సరిగ్గా దాని ఎదురుగానే..."

"రాత్రి మొగిలి ఘాట్లో మా ఆయప్ప తోలే టమాటా లారీ బోల్తా పడింది నాయనా. ఎన్నిసార్లు ఫోన్ చేసినాడో! ఈ ఇంట్లో పలికితే కదా? నేను హాయిగా నిద్రపోతాండా, నీ సీసం ఎనకాల."

సత్యవేదం పిట్టగోడకు ఆనుకున్నాడు. "అల్లుడు...?"

"సెయ్యి ఇరిగింది. ఇంట్లో ఒకడే పడుకోనుండాడు. ఆ మాట యాడ వినమంటావు? వీధిలో నిలబడి ఏడవమంటావా?"

"మీ అమ్మ మాదిరి నువ్వు..."

"అమ్మకు టవరుతోనే వచ్చిందని డాక్టరమ్మ సెప్పిందా?"

"సెప్పలా."

"మరి?"

"కాదని గూడా సెప్పలా."

బీనా కళ్లు తుడుచుకుంది. "నేను పోతాండా నాయనా."

"ఈ కడుపుతో బస్సులోనా?"

"వచ్చేటప్పుడు గూడా ఉన్నింది కదా ఈ కడుపు."

పుంగనూరు మీదుగా పోయే కుప్పం బస్సులో కిటికీ పక్క సీటు వెతికి కూర్చోబెట్టాడు. కండక్టరుతో రెండుసార్లు చెప్పాడు, మెల్లగా పోనిమ్మని. బస్సు కదిలేటప్పుడు కిటికీ ఊచ వదలకుండా నాలుగడుగులు నడిచాడు.

"పలమనేరు దాటినాక ఒక ఫోన్ కొట్టమ్మా."

"యాడుంటావు నువ్వు?"

ఊచ వదిలేశాడు. "మిద్దె మీద ఉంటాలే."

పొద్దు వాలుతుండగా ఆయన ఇల్లు చేరాడు. మెట్లెక్కబోతూ బీనా గదిలోకి తొంగిచూశాడు. మంచం దుప్పటి మడతపెట్టి ఉంది. గోడమీది వెండిరంగు కాగితంలో ప్లగ్గు కోసం కత్తిరించిన చదరంలో, ఆమె మరిచిపోయిన ఫోను చార్జరు అలాగే వేలాడుతోంది, చిన్న ఎర్రదీపంతో.